కాలికి తగలని బ్రేకు

నాగమల్లేశ్వరి కారు నేర్చుకున్నది నలభై దాటాక. నేర్పించినవాడు రెండో రోజే, మేడమ్, మీకు భయం లేదు, నాకు అదే భయంగా ఉంది అన్నాడట. ఆ మాట ఆమె చాలాకాలం చెప్పుకుని నవ్వేది.

ఆమె పుట్టింది పాలకొల్లు దగ్గర. నర్సింగ్ చదివి, పరీక్ష రాసి, ఢిల్లీలో ఒక పెద్ద సర్కారు ఆసుపత్రిలో చేరింది. ఇప్పుడు సర్జరీ వార్డులో అందరికన్నా సీనియర్. మిషను పాతదైపోయింది సిస్టర్, తప్పు చూపిస్తోంది అని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకునేది కాదు. ముందు మంచం దగ్గరికి వెళ్లి మనిషిని చూసేది, తర్వాత వైరు చూసేది, ఆ తర్వాతే మిషను సంగతి. చాలాసార్లు తప్పు వైరులోనే ఉండేది.

భర్త రామమోహనరావు ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. నెమ్మదైన మనిషి. ఫైలు మీద రాసే నోటు ఎంత పొడుగో, ఇంట్లో మాట అంత పొట్టి. డ్రైవింగ్ ఒకసారి మొదలుపెట్టి, పాల బూతు ముందున్న ఖాళీ డబ్బాలన్నీ పడగొట్టి, ఇక మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు. ఆర్.కె. పురంలో వాళ్లది రెండో అంతస్తు క్వార్టరు. కూతురు ప్రణతి గుర్‌గావ్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడే స్నేహితురాళ్లతో ఉంటోంది.

కారు ఒక మలయాళీ సిస్టర్ దగ్గర కొన్నది. బదిలీ మీద వెళ్తూ ఆమె అమ్మేసిన చిన్న పెట్రోలు బండి, బూడిద రంగు. తెల్లవారుజాము డ్యూటీలకు పొగమంచులో బస్సు కోసం నిలబడే బాధ దానితో తీరింది. అద్దాలు తుడవడం, టైర్లలో గాలి చూసుకోవడం, ఆయిలు పోయడం ఒక్కొక్కటే నేర్చుకుంది. బండి కింద చాప పరుచుకుని పడుకునే ఆడమనిషిని కాలనీవాళ్లు మొదట్లో ఆగి చూసేవాళ్లు. తర్వాత అలవాటు పడ్డారు.

మొన్న చలికాలంలో ముందు చక్రాల దగ్గర మాడిన వాసన రావడం మొదలైంది. వర్క్‌షాపులో చూపిస్తే కాలిపర్లు పట్టేశాయన్నారు. చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లేన్ని రెండు వైపుల నుంచీ గట్టిగా పట్టుకునే దవడ లాంటిది కాలిపర్. బ్రేకు మీద కాలేస్తే బ్రేక్ ఆయిల్ వెళ్లి దాన్ని నొక్కుతుంది, దవడ బిగుస్తుంది, బండి ఆగుతుంది. ముందు చక్రాల రెండు కాలిపర్లూ మార్చేశారు. వాసన పోయింది. కానీ ఆ రోజు నుంచి బ్రేకు మెత్తబడింది. తడిసిన దిండు మీద కాలేసినట్టు ఉండేది. తిరిగి వెళ్లి చెబితే, కొత్త సామాను దీదీ, నాలుగు రోజులు తిరిగితే అదే సెట్ అయిపోతుందన్నారు. మళ్లీ వెళ్లింది. పాత బండి దీదీ, ఇంతే ఉంటుందన్నారు. కొత్త సామాను ఎప్పుడు పాత బండి అయిందో ఆమెకు అర్థం కాలేదు.

ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూ మోతీ బాగ్ ఫ్లైఓవర్ దిగుతోంది. కింద ఒక ఈ-రిక్షా అడ్డంగా తిరిగింది. ఆమె బ్రేకు తొక్కింది. కాలు కిందిదాకా వెళ్లిపోయింది. ఎత్తి మళ్లీ తొక్కింది, మళ్లీ తొక్కింది, ఎడమ చేత్తో హ్యాండ్‌బ్రేకు లాగింది. బండి కిర్రుమంటూ వెళ్లి ఈ-రిక్షా వెనక, చెయ్యి పట్టేంత సందులో ఆగింది. అందులో కూర్చున్న ముసలావిడ వెనక్కి తిరిగి, ఏమీ జరగనట్టు, ఒళ్లో ఉన్న కాలీఫ్లవరు సర్దుకుంది. నాగమల్లేశ్వరి ఇంటిదాకా మొదటి గేరులోనే వచ్చింది.

ఆ సాయంత్రమే నిర్ణయించుకుంది, ఇది తనే చూడాలని. బ్రేకు మెత్తగా ఉందంటే గొట్టాల్లో గాలి చేరిందన్న మాట. ఆయిలు అణగదు, గాలి అణుగుతుంది. ఆ గాలి తీసెయ్యాలి. ఫోనులో హిందీ వీడియోలు చూసింది. ప్రతి చక్రం దగ్గరా గాలి తీసే చిన్న నట్టు ఒకటి ఉంటుంది. ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు బయట ఆ నట్టు కాస్త తిప్పాలి, గాలీ ఆయిలూ బుసబుస వచ్చాక బిగించాలి, అప్పుడు లోపలివాళ్లు కాలు తియ్యాలి. నట్టు తెరిచి ఉండగా కాలు తీస్తే బయట గాలి లోపలికి పోతుంది, పని మొదటికొస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక భర్తను కిందికి తీసుకెళ్లి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది. ఆయన చొక్కా చేతులు మడుచుకుని, ఆఫీసులో డిక్టేషన్ తీసుకునేవాడిలా బుద్ధిగా కూర్చున్నాడు. మొదటి గొడవ మాటల దగ్గర వచ్చింది. ఆమె కింద నుంచి నట్టు తిప్పుతూ, “వదులు చేస్తున్నా” అంది. ఆయన కాలు వదిలేశాడు. బయట గాలి లోపలికి గుటుక్కున పోయింది. నేను నట్టు వదులు చేస్తున్నానంటే మిమ్మల్ని కాలు వదలమని కాదండీ అని ఆమె పైకి లేచి వివరించింది. ఆయన సరేనన్నాడు. మళ్లీ అదే అయింది. చివరికి ఇద్దరూ హిందీలోకి దిగారు. దబావో అంటే తొక్కాలి, ఛోడో అంటే వదలాలి. ముప్పయ్యేళ్ల కాపురంలో ఇద్దరూ ఒకరితో ఒకరు హిందీ మాట్లాడడం అదే మొదలు.

పని సాగింది. నాలుగు చక్రాలూ అయ్యాయి. బుడగలు రావడం ఆగిపోయింది. ఆమె చేతులు తుడుచుకుంటూ, ఇప్పుడెలా ఉందండీ గట్టిగా ఉందా అని అడిగింది.

ఆయన ఒకసారి తొక్కాడు. కిందికి చూసుకుని మళ్లీ తొక్కాడు. ముఖం అయోమయంగా పెట్టి, “కాలికేం తెలియట్లేదు మల్లీ” అన్నాడు.

ఆమె చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

రామమోహనరావుకు పదేళ్లుగా సుగరు. ఆయన తండ్రికీ ఉండేది. భీమవరంలో ఉండగా ఆ పెద్దాయన కాల్లో ముల్లు దిగి, దిగిన సంగతే తెలియక దానితోనే వారం తిరిగాడు. తెలిసేసరికి పాదం నల్లబడింది. మోకాలి కిందిదాకా తీసేశారు. ఆ కట్లు విప్పి కట్టింది కోడలైన నాగమల్లేశ్వరే. కాళ్లకేం తెలియట్లేదు సిస్టర్ అంటూ వచ్చేవాళ్లు, తర్వాత చక్రాల కుర్చీలో వెళ్లేవాళ్లు ఆమె వార్డులో ఎప్పుడూ ఉంటారు. ఆ మాట ఎక్కడికి దారితీస్తుందో ఆమెకు తెలుసు.

గట్టిగా తొక్కారా అని అడిగింది. తొక్కాను అన్నాడు. అడుగున ఏమైనా తగులుతోందా అని అడిగింది. ఏమీ తగలట్లేదు, గాల్లో పెట్టినట్టుంది అన్నాడు. చాలండీ, చీకటి పడుతోంది, పైకి వెళ్దాం అంది. అప్పటికింకా ఎండ చుట్టుపక్కల క్వార్టర్ల గోడల మీద తెల్లగా కాస్తూనే ఉంది. ఆయన ఎండకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు, దిగాడు.

ఆ వారమంతా ఆమెకు మనసు మనసులో లేదు. కారు జోలికే పోకుండా బస్సులో డ్యూటీకి వెళ్లింది. ఎవరికైనా ఇలా ఉందంటే, రేపే తీసుకురండి, ఆలస్యం చెయ్యొద్దు అని గదమాయించే మనిషి, తన ఇంట్లో మాత్రం నోరు విప్పలేకపోయింది. చెబితే ఆయనకు తండ్రి గుర్తొస్తాడు. ముందు తను నిజమో కాదో తేల్చుకోవాలి, తర్వాత చెప్పాలి అనుకుంది. అది సాకని తెలుసు. అయినా అనుకుంది.

సెలవు రోజు మధ్యాహ్నం ఆయన దివాను మీద పడుకుని కునుకు తీస్తుంటే దూది పోగు తెచ్చి అరికాలి మీద రాసింది. ఆయన కదల్లేదు. రెండో కాలికి రాసింది. బొటనవేలు కొద్దిగా కదిలినట్టు అనిపించింది, లేదా ఫ్యాను గాలికి దుప్పటి కదిలిందేమో. చీరకు పెట్టుకున్న పిన్నీసు తీసి మొదటి కాలికి మెల్లగా ఆనించింది. ఆయన ఎగిరి కూర్చున్నాడు. ఏంటని అడిగితే చీమేమో అంది. పిన్నీసు తగిలిందంటే స్పర్శ ఉన్నట్టే. మరి దూది ఎందుకు తెలియలేదు? నొప్పి తెలుస్తుంది, మెత్తటిది తెలియదు, కొందరికి మొదట్లో అలాగే ఉంటుంది. నిద్రలో ఉంటే ఎవరికి మాత్రం దూది తెలుస్తుంది? ఒకదానికొకటి పొంతన కుదరలేదు. ఆయన పాదాన్ని ఇటూ అటూ తిప్పి చూసుకుని, దివాను కిందికి వంగి చీమ కోసం వెతికాడు. వెతుకుతూ ఒకసారి తలెత్తి ఆమెను చూశాడు. ఆ చూపేంటో కూడా ఆమెకు అర్థం కాలేదు.

మర్నాటి నుంచి ఆయన ఇంట్లో కూడా సాక్సులు వేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. చలి తగ్గింది కదండీ అంటే, ఊరికే అన్నాడు. స్పర్శ లేనివాళ్లకు పాదాలు చల్లగా అనిపిస్తాయని ఆమెకు గుర్తొచ్చింది. ఇంకా బెంగ పెట్టుకుంది.

అయితే కారు మాత్రం తేల్చాలి. ఆయన్ని మళ్లీ బ్రేకు తొక్కమని అడగడం ఆమెకు ఇష్టం లేదు. మళ్లీ ఆ మాట వినడానికి ధైర్యం లేదు. మనిషి తోడు లేకుండా ఒక్కరే గాలి తీసుకునే పనిముట్లు ఉంటాయని వీడియోల్లో చూసింది. ఆసుపత్రి ఎదురుగా మందుల షాపులో ఒక సెలైన్ సెట్టు కొంది. తేనె సీసా మూతకు మేకు కాల్చి రెండు కన్నాలు పెట్టింది. ఒక కన్నంలోంచి సెలైన్ గొట్టం సీసా అడుగు దాకా దించింది, రెండోది గాలి పోవడానికి వదిలేసింది. సెట్టు చివర ఉండే మెత్తటి రబ్బరు ముక్క సరిగ్గా గాలి నట్టు మీదికి ఎక్కేలా ఉంది. సీసాలో నాలుగు వేళ్లు కొత్త ఆయిలు పోసి, గొట్టం మొన అందులో మునిగేలా పెట్టి, సీసాను చక్రం కన్నా ఎత్తులో వేలాడదీస్తే చాలు. తొక్కినప్పుడు గాలి బయటికి వస్తుంది. కాలు తీసినప్పుడు లోపలికి పోయేది సీసాలో ఉన్న ఆయిలే కానీ గాలి కాదు.

శనివారం పొద్దున్నే పానాలు, జాకీ, ఇటుకలు, సీసా సర్దుకుంటుంటే రామమోహనరావు వచ్చి నిలబడ్డాడు. రానా అని అడిగాడు. మీకెందుకండీ శ్రమ, నేనొక్కదాన్నే చేసుకుంటా అంది. ఆయన కాసేపు ఆ తేనె సీసాకేసి చూశాడు. నువ్వు చెప్పింది చెప్పినట్టే చేశాను కదా అని మాత్రం అని, బాల్కనీలోకి వెళ్లిపోయాడు. ఆమె వెనక నుంచి ఆయన నడక చూసింది. కాలు ఈడుస్తున్నాడా? లేదు. సాక్సుల్లో నేల జారుతోందంతే. లేదా ఈడుస్తున్నాడేమో.

కింద ఆమె ఒక్కతే. బండి చక్రానికి ఇటుక పెట్టి, జాకీ ఎక్కించి, ఊడదీసిన చక్రాన్ని బండి కిందికి తోసి, వెనక చక్రాల నుంచి మొదలుపెట్టింది. సీసాను పుండ్లకు కట్లు కట్టే గాజుగుడ్డ పట్టీతో డోరు హ్యాండిలుకు కట్టింది. చేతులకు గ్లవుజులు, పక్కన స్టీలు ట్రే, దూది ఉండలు. పై ఫ్లోరు పంజాబీ ఆవిడ బట్టలు ఆరేస్తూ కిందికి చూసి, ఎవరికి ఎక్కిస్తున్నారు గ్లూకోజు అని అడిగింది.

పనిముట్టు చక్కగా పనిచేసింది. గొట్టంలో ఆయిలు నెమ్మదిగా పాకడం, మధ్యలో ఒక బుడగ, దాని వెనక మళ్లీ ఆయిలు. ఎన్ని వేల గొట్టాల్లో బుడగలు చూసిన కళ్లు అవి. వెనక రెండూ అయ్యాక ముందు రెండూ చేసింది. మొదట చిన్న చిన్న బుడగలు నాలుగు వచ్చాయి, తర్వాత తేటగా ఆయిలే. ఒక చుక్క బండి అంచు మీద పడి రంగు లేచిపోతే గబగబా నీళ్లు పోసింది. అన్నీ బిగించి, చెమట తుడుచుకుని, లోపల కూర్చుని బ్రేకు మీద కాలేసింది.

కాలు కిందికి వెళ్లిపోయింది.

మళ్లీ వేసింది. తగిలేది ఏదీ లేదు. చెప్పు విడిచి వట్టికాలితో తొక్కింది. గాల్లో పెట్టినట్టే ఉంది. తన కాలికీ ఏమీ తెలియట్లేదు.

ఆమె స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుంది. ఆ రోజు ఆయన చెప్పింది బ్రేకు సంగతి. కాలి సంగతి కాదు. వారం రోజులుగా ఛాతీ మీద కూర్చున్న బరువు ఒక్కసారి లేచి పోయింది, పోతూ పోతూ కళ్లలోకి నీళ్లు తెచ్చింది. నవ్వూ వచ్చింది. పరుగెత్తి పైకి వెళ్లి ఏదో చెప్పాలనిపించింది. ఏం చెప్పాలి? మీ కాలు బాగానే ఉందండీ అనా? బాగాలేదని ఆయనకు ఎవరు చెప్పారు గనక? పోనీ నిజంగా బాగానే ఉందా? బ్రేకు మెత్తగా ఉంటే ఆయన కాలు బాగున్నట్టు రుజువా? దూదికి కదలకపోవడం మాత్రం అలాగే ఉంది కదా.

ఇక కారు సంగతి అంతకన్నా అయోమయం. గొట్టంలో బుడగ లేదు. ఎక్కడా కారడం లేదు. చక్రాల లోపల తడి లేదు. పైన డబ్బాలో ఆయిలు ఉండాల్సినంత ఉంది. అయినా ఎక్కడో గాలి ఉంది. లేని గాలి ఎక్కడ ఉంది? మొదట తప్పంతా ఆయన కాలిదనుకుంది, ఆ తర్వాత ఆయన రోగానిదనుకుంది. ఇప్పుడు తప్పు పెట్టడానికి ఎవరూ మిగల్లేదు.

ఆ సాయంత్రం ప్రణతి ఫోను చేసింది. సంగతి విని, “మమ్మా, మెకానిక్ కో దే దో నా. వై ఆర్ యూ డూయింగ్ దిస్?” అని మెకానిక్‌కి ఇచ్చెయ్యమంది. నాగమల్లేశ్వరి తెలుగులో, నువ్వు తిన్నావా అని అడిగింది. నాన్న సంగతి కూతురికి చెబుదామనుకుంది కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

సోమవారం నుంచి మళ్లీ బస్సులోనే డ్యూటీకి వెళ్లింది. కిటికీ పక్కన కూర్చుని ఆయిలు దారిని మనసులో గీసుకునేది. పైన డబ్బా, దాని కింద పంపు, అక్కడి నుంచి గొట్టాలు, చివర దవడలు. ఎక్కడ దాక్కుంటుంది గాలి? బస్సు దిగేసరికి గీత చెరిగిపోయేది. ఇంట్లో రామమోహనరావు మరీ ముభావంగా తయారయ్యాడు. ఒకరోజు ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చాడు. కరోల్ బాగ్‌లో పనుందన్నాడు. ఆయనకు కరోల్ బాగ్‌లో ఏం పనుంటుందో ఆమెకు తోచలేదు, అడిగితే చెప్పలేదు.

గురువారం వార్డులో పన్నెండో మంచం ముసలాయనకు ఇంజెక్షన్ ఇవ్వాలి. మందు సిరంజిలోకి లాగింది, సూది పైకి పెట్టి వేలితో తట్టింది. బుడగ పైకి లేచి సూది మొదట్లోకి చేరింది. మెల్లగా నొక్కితే బయటికి పోయింది. రోజుకు ఎన్నిసార్లు చేస్తుందో లెక్కలేని పని. చెయ్యి దానంతటది చేసుకుపోతుంది, మనసు ఎక్కడో ఉంటుంది. ఆ రోజు మాత్రం చెయ్యి గాల్లో ఆగిపోయింది.

సూది కిందికి పెట్టి నొక్కితే? మందే పోతుంది. బుడగ పైనే కూర్చుంటుంది. ఎంత నొక్కినా మందే వస్తుంది, తేటగా.

ముందు చక్రాల దగ్గర గాలి నట్టు ఎక్కడ ఉంది? చాప మీద వెల్లకిలా పడుకుని పానా పట్టిన చేతిని గుర్తు తెచ్చుకుంది. చెయ్యి కింది నుంచి వెళ్లింది. వెనక చక్రాలకు పై నుంచి వంగి తిప్పింది. ముందు మాత్రం కింద నుంచి. ముసలాయన, ఏమైంది బేటీ, సూది మంచిది కాదా అని అడిగాడు. మంచిదే బాబాజీ అని ఇంజెక్షన్ ఇచ్చింది. మిగతా డ్యూటీ ఎలా గడిచిందో తెలియదు.

మర్నాడు ఆమెకు సెలవు. ఎండ బాగా వచ్చాక కిందికి దిగి ముందు చక్రం ఊడదీసింది. కాలిపర్‌కు గొట్టం పైన బిగించి ఉంది, గాలి నట్టు నేలకేసి చూస్తోంది. రెండో పక్కా అంతే. ఎడమదాన్ని కుడికి, కుడిదాన్ని ఎడమకు తగిలించారు. రెండూ ఒకేలా ఉంటాయి, రెండూ అక్కడ సరిపోతాయి, దవడ దవడలాగే పట్టుకుంటుంది. నట్టు మాత్రం తలకిందులవుతుంది, గాలి పైనే ఉండిపోతుంది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లు కంటి ముందే ఉంది. చూసింది, చేత్తో తిప్పింది కూడా. ఎందుకు కనిపించలేదో ఇప్పటికీ ఆమెకు తెలియదు.

పూర్తిగా మార్చాలంటే గొట్టాలు విప్పాలి, కొత్త వాషర్లు కావాలి. ముందు తన అనుమానం నిజమో కాదో తేల్చుకోవాలనుకుంది. కాలిపర్ బోల్టులు రెండూ విప్పి, గొట్టం లాగకుండా దాన్ని మెల్లగా తిప్పి, నట్టు ఆకాశంకేసి చూసేలా పట్టుకుంది. దవడ మధ్యలో ఒక చెక్కముక్క పెట్టింది. పట్టుకునేందుకు రెండో మనిషి లేరు కాబట్టి గాజుగుడ్డ పట్టీతో పైనున్న స్ప్రింగుకు కట్టేసింది. విరిగిన చేతిని మెడకు వేలాడగట్టినట్టు ఉంది. గొట్టం తొడిగి, నట్టు తిప్పి, లోపలికి వెళ్లి మెల్లగా ఒకసారి తొక్కి వచ్చి చూసింది.

గొట్టం నిండా గాలి. బుడగ కాదు, ఒక పొడుగాటి ఖాళీ. దాని వెనక ఇంకొకటి. సీసాలో ఆయిలు గలగలలాడింది. ఆమె తొక్కుతూ, దిగి వచ్చి చూస్తూ, మళ్లీ వెళ్లి తొక్కుతూ, ఆ గాలి పూర్తిగా ఆగేదాకా తిరిగింది. రెండో పక్కా అలాగే చేసింది. అన్నీ బిగించి కూర్చుని కాలేసింది. పైనే ఆగిపోయింది బ్రేకు, కింద నుంచి ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు.

కళ్లు మూసుకుని అలా కాలు ఆనించి కూర్చుంది. కళ్లు తెరిచేసరికి డోరు పక్కన రామమోహనరావు నిలబడి ఉన్నాడు. ఆఫీసుకు వెళ్లినవాడు మధ్యాహ్నానికే వచ్చేశాడు. సాక్సులూ బూట్లూ, చేతిలో లంచ్ సంచీ. వచ్చి ఎంతసేపైందో తెలియదు.

అయిపోయిందండీ, గాలి పోయింది అని ఆమె సంతోషంగా చెప్పబోయింది. ఆయన వినిపించుకోలేదు. సంచీ బానెట్ మీద పెట్టి, చాలా మెల్లగా, “ఇప్పుడైనా చెప్పు మల్లీ. నా కాలికేమైంది?” అన్నాడు.

ఆమె కాలు బ్రేకు మీంచి తీసింది.

ఆయన చెప్పుకుంటూ పోయాడు. ఆ రోజు దివాను మీద దూది రాస్తుంటే తెలిసిందట, అప్పటికింకా నిద్ర పట్టలేదట. కదలకుండా పడుకుంటే ఏం చేస్తుందో చూద్దామని పడుకున్నాడట. తర్వాత పిన్నీసు. అప్పుడు చీమ అంది. నర్సు అబద్ధం చెప్పిందంటే ఏదో ఉందన్న మాటేనని అనుకున్నాడు. ఆసుపత్రిలో తన రక్తం రిపోర్టు ఏదో చూసి దాచిపెడుతోందనుకున్నాడు. తనతో బ్రేకు తొక్కించడం మానేసి సీసా కట్టుకున్న రోజు ఇక ఖాయమనుకున్నాడు. పాదాలు ఎప్పుడు నల్లబడతాయోనని చూడ్డానికి భయమేసి సాక్సులు వేసుకున్నాడు. చివరికి ఉండబట్టలేక కరోల్ బాగ్‌లో ఒక సుగరు డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్లాడు. ఆ డాక్టరు దారప్పోగు లాంటిదేదో పెట్టి పాదమంతా గుచ్చి చూసి, బ్రహ్మాండంగా ఉన్నాయి, ఎవరు భయపెట్టారు అని అడిగాడట. అయినా ఆమె నోటితో వింటే తప్ప నమ్మకం కుదరలేదట.

“మా ఆవిడ అని చెప్పలేకపోయాను. ఆవిడ ఏమీ అనలేదు కదా” అన్నాడు.

ఆమె డోరు తెరుచుకుని దిగి, ఊడదీసిన చక్రం మీద కూర్చుంది. గ్లవుజుల నిండా మడ్డి. కాలికేం తెలియట్లేదు అన్న ఆయన మాట తనకెలా వినపడిందో చెప్పింది. ముల్లు సంగతి చెప్పింది. నేను చెప్పింది కారు సంగతి కదా అన్నాడు. నాకెలా తెలుస్తుందండీ అంది. కార్లో కూర్చుని చెబితే కారు సంగతి కాక ఇంకేముంటుంది అన్నాడు. ఇద్దరిలో ఎవరు ఎవరి మీద కోప్పడాలో తేలలేదు. తర్వాత ఆయన వంగి బూట్లు విప్పి, సాక్సులు తీసి జేబులో పెట్టుకుని, ఆ చక్రం ఇటు తిప్పనా అని అడిగాడు. ఆమె జాకీ దించింది, ఆయన నట్లు ఒక్కొక్కటీ అందించాడు.

తర్వాతి వారం ఆమె బండిని వర్క్‌షాపుకు తీసుకెళ్లి, పక్కనే నిలబడి కాలిపర్లు రెండూ అటూ ఇటూ మార్పించింది. అక్కడివాళ్లు పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఉల్టా లగ్ గయా హోగా దీదీ, అటుది ఇటు పడి ఉంటుంది అన్నారంతే. గాలి తీయడానికి వాళ్ల మనిషి లోపల కూర్చోబోతుంటే వద్దని, తన సీసా తనే తగిలించుకుంది.

ఉగాదికి సెక్టారులోని తెలుగువాళ్లంతా కలిసి భోజనాలు పెట్టుకున్నారు. మామూలుగా మూల కుర్చీలో కూర్చుని తిని లేచే రామమోహనరావు ఆ రోజు ఎందుకో ఈ కథంతా మొదలుపెట్టాడు. కారు దగ్గర మొదలుపెట్టి కాలు దగ్గరికి, కాలు దగ్గర నుంచి మళ్లీ కారు దగ్గరికి వచ్చాడు. మధ్యలో దూది, చీమ, తేనె సీసా, కరోల్ బాగ్ డాక్టరు. వినేవాళ్లకు తలా తోకా దొరకలేదు. పక్క బ్లాకు సదాశివరావు చివరిదాకా ఓపిగ్గా విని, “ఇంతకీ గాలి తీసింది కాలికా, కారుకా?” అని అడిగాడు.

రామమోహనరావు భార్యకేసి చూశాడు. నాగమల్లేశ్వరి పులిహోర వడ్డిస్తూ, ముందు మీరు తినండి, చల్లారిపోతోంది అంది. ఆయన తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు. సదాశివరావు మాత్రం చెయ్యి విస్తట్లోనే ఉంచి, కాలా కారా అని ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.